సవరణ: ప్రీస్కూల్ పిల్లల బొమ్మల ప్రదర్శన పోస్టు

మల్కాజిగిరిలో మా కాలనీ ప్రీస్కూల్ పిల్లల ప్రదర్శన గురించి నిన్న పెట్టిన పోస్టులో, గోడకున్న మాస్కులు నిర్మల్ కళ అని ఉంది. అవి సిద్దిపేట జిల్లా చేర్యాల మాస్కులను చూసి పిల్లలు చేసినవి. నిర్మల్ బొమ్మలను పొనికి కర్రతో చెక్కుతారు. చేర్యాల మాస్కులకు కొబ్బరిచిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద అద్దుతారు. మన పిల్లలు గోధుమపిండి ముద్ద వాడారు. ముక్కులైతే ఎంత బాగా కుదిరాయో!

ఇంకొకటి. పిల్లలు గీసిన మనుషుల బొమ్మలకు పెట్టిన "సగంలో వదిలేసిన బొమ్మలు" అన్న క్యాప్షన్ తీసేశాం. తలకే నేరుగా కాళ్లు పెట్టి మనిషిని గీయడం 3-4 ఏళ్ల పిల్లల్లో మామూలే. వాళ్లకు అది పూర్తయిన మనిషే. ఇంటికి తెచ్చాక దయచేసి వాటికి పొట్ట, చేతులు గీసి దిద్దకండి.