ప్రమాదమే కాదన్న నోటితో భరోసానా?

ఫుకుషిమా అణు ప్రమాదాన్ని జపాన్ ప్రభుత్వం 2011 ఏప్రిల్ 12, మంగళవారం నాడు ఏడో స్థాయికి పెంచింది. అంతర్జాతీయ కొలమానంలో ఆపైన ఇక మెట్టు లేదు. ఇంతకుముందు అక్కడిదాకా వెళ్లింది 1986 నాటి చెర్నోబిల్ ఒక్కటే. అంతకు నెల ముందు మన అణుశక్తి పెద్దలు ఏమన్నారో పాఠకులు మరిచిపోయి ఉండరు. ఫుకుషిమాలో జరిగింది అణు ప్రమాదమే కాదనీ, పక్కా ప్రణాళికతో సాగుతున్న అత్యవసర సన్నద్ధత కార్యక్రమమనీ అణు విద్యుత్ కార్పొరేషన్ అప్పటి చైర్మన్ ఎస్.కె. జైన్ సెలవిచ్చారు. కేవలం రసాయనిక చర్య అన్నారు అణుశక్తి విభాగం అప్పటి కార్యదర్శి శ్రీకుమార్ బెనర్జీ. అప్పటికే ఒకటో రియాక్టర్ భవనం పేలి పైకప్పు లేచిపోయింది. ఇరవై కిలోమీటర్ల లోపు ఊళ్లను ఖాళీ చేయిస్తున్నారు. టీవీ ఉన్న ప్రతి ఇంట్లో ఆ పొగ కనిపించింది. వీళ్లకు మాత్రం సన్నద్ధత కార్యక్రమం కనిపించింది.

మన శ్రీకాకుళం జిల్లా తీరంలో అణు విద్యుత్ ప్లాంటు కట్టాలనుకుంటున్న కొవ్వాడ ఈ పెద్దల చేతుల్లోనే ఉంది.

జపాన్ రేడియేషన్ గాలి ఇటొస్తుందేమోనని మన జిల్లాల్లో నెల రోజులుగా నడిచిన టెన్షన్‌ను అధికారులు మూఢనమ్మకం కింద కొట్టేశారు. వాన పడితే తడవొద్దు, గొంతుకు బెటాడిన్ రాసుకోండి అంటూ బీబీసీ పేరు తగిలించిన మెసేజ్ ఒకటి సెల్‌ఫోన్లలో తిరిగింది. నాలుగు చినుకులు పడితే పిల్లల్ని లోపలికి లాక్కున్న తల్లులున్నారు. చేపల బజార్లో ‘ఆ గాలి ఇటొచ్చేత్తాదేటి బాబూ’ అని అడిగినవాళ్లున్నారు. ఆ మెసేజ్ శుద్ధ అబద్ధం, ఇందులో మాకు రెండో మాట లేదు. ఫుకుషిమా ఇక్కడికి దాదాపు ఆరు వేల కిలోమీటర్లు. అక్కడి పైగాలులు ఎక్కువగా తూర్పుకు, పసిఫిక్ మీదుగా పోతాయి. ముందు తగలాల్సిన అమెరికా పడమటి తీరంలోనే దొరికింది ఆనవాళ్లు మాత్రమే. గాలిలో కలిసిన రేడియోధార్మిక అయోడిన్ ఎనిమిది రోజులకు సగమవుతుంది, నెల తిరిగేసరికి దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. బెటాడిన్ పుండు మీద రాసుకునే మందు. గొంతు మీద పూస్తే, ఆ రేడియోధార్మిక అయోడిన్ చేరే థైరాయిడ్‌కు రక్షణేమీ రాదు, తాగితే ఆస్పత్రి పాలవుతారు.

ఇంత చిన్న సంగతిని జనానికి అర్థమయ్యే తెలుగులో ఏ అధికారి అయినా మైకు పట్టుకుని చెప్పి ఉంటే ఆ మెసేజ్ రెండు రోజుల్లో చచ్చేది. దేశంలో ఎక్కడా రేడియేషన్ పెరగలేదని ఢిల్లీ ప్రకటన వచ్చింది. మేమూ అచ్చువేశాం. జనం నమ్మలేదు. ఎలా నమ్ముతారు? కళ్ల ముందు పేలిన దాన్ని ప్రమాదం కాదన్న నోరే ఇప్పుడు గాలి బాగానే ఉందంటోంది. ఒకసారి అబద్ధమాడినవాడు నిజం చెప్పినా నమ్మేవాడుండడు. పుకారును పెంచి పోషించింది చదువు లేని జనం కాదు, పెద్ద చదువుల పెద్దమనుషులే.

మనవాళ్లు తప్పుగా భయపడుతున్నారన్నది నిజమే. భయపడాల్సింది జపాన్ వాన గురించి కాదు. టోక్యోకు, ఫుకుషిమాకు మధ్య దూరం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా మార్చి 23న అక్కడి కుళాయి నీళ్లు పసిపిల్లలకు పట్టొద్దని అధికారులే హెచ్చరించారు. ఇప్పుడు కొవ్వాడ దగ్గర నిలబడి చూడండి. విశాఖ వంద కిలోమీటర్లు కూడా లేదు. శ్రీకాకుళం, విజయనగరం ఇంకా దగ్గర. ఇరవై కిలోమీటర్ల గీత గీస్తే రణస్థలం, లావేరు, పూసపాటిరేగ మండలాల పల్లెలు అందులో పడతాయి, చెన్నై నుంచి కోల్‌కతా పోయే జాతీయ రహదారీ పడుతుంది. అంతమందిని ఏ దారిన, ఎక్కడికి తీసుకెళ్తారు? వేటకెళ్లి సముద్రంలో ఉన్నవాళ్లకు కబురెలా అందుతుంది? ఈ ప్రశ్నలకు ‘మన రియాక్టర్లు భద్రం’ అన్నది జవాబు కాదు. అక్కడా భద్రమనే అన్నారు. ఫుకుషిమా ప్లాంటు నడిపే కంపెనీ టెప్కో లెక్కలో సునామీ ఎత్తు 5.7 మీటర్లు, వచ్చి పడింది 14 మీటర్ల పైమాటే.

అప్పట్లో విద్యుత్ కొరత ఉన్న మాట వాస్తవం. 2004 సునామీ నీళ్లు పంప్‌హౌస్‌లోకి వచ్చినా కల్పాక్కం రియాక్టర్ క్షేమంగా ఆగిందన్న వాదనా విన్నాం, కాదనడం లేదు. కానీ మా పేచీ రియాక్టర్‌తో కాదు, దాని గురించి మాట్లాడే నోటితో.

ఆ నోటిని అదుపు చేసేవాళ్లెవరు? భద్రతను చూడాల్సిన అణుశక్తి నియంత్రణ మండలి అప్పట్లో అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీ. కమిషన్ అధ్యక్షుడేమో రియాక్టర్లు కట్టించే విభాగపు కార్యదర్శి. పరీక్ష రాసేవాడి కిందే పేపర్లు దిద్దేవాడు పనిచేశాడన్నమాట. అన్ని ప్లాంట్ల భద్రతనూ సమీక్షించాలని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మార్చి 14న పార్లమెంటులో చెప్పారు. సంతోషం. ఆ పని అప్పగించిందీ మళ్లీ అదే విభాగానికి, అదే కార్పొరేషన్‌కు! ఎవరైనా వివరాలడిగితే చెప్పకుండా ఉండే వీలును 1962 నాటి అణుశక్తి చట్టం ఎలాగూ ఇచ్చింది. ప్రమాదం జరిగితే ప్లాంటు నడిపే సంస్థ కట్టాల్సిన పరిహారానికి 2010లో చేసిన చట్టం రూ.1,500 కోట్ల దగ్గర గీత గీసేసింది. ప్రమాదమే కాదనేస్తే ఆ డబ్బూ మిగులుతుంది.

జపాన్ కూడా నిజాన్ని వాయిదాల మీదే చెప్పింది. మొదట నాలుగో స్థాయి అంది, మార్చి 18న అయిదు, ఏప్రిల్ 12న ఏడు. ప్రపంచం ముందు అంత పరువున్న దేశమే నెల తీసుకుంది. మరి వేరే దేశంలో జరిగిన దాన్ని ఒప్పుకోవడానికే మనసు రానివాళ్లు, తమ ప్లాంటులో ఏదైనా జరిగితే ఎన్నాళ్లకు నోరు విప్పుతారు? కొవ్వాడను అమెరికా రియాక్టర్లకు కేటాయించింది 2009లో. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ పేరే అప్పట్లో అక్కడ వినిపించింది, ఫుకుషిమా ఒకటో రియాక్టర్‌ కట్టిందీ వాళ్లే. ఇది వేరే డిజైనంటారు, అయి ఉండవచ్చు. చెప్పేది ఎవరన్నదే మళ్లీ సమస్య.

ఈ జిల్లా జనానికి సర్కారు మాట విలువెంతో కొత్తగా చెప్పక్కర్లేదు. ఉద్దానంలో కిడ్నీలు పాడై ఇళ్లకు ఇళ్లు గుల్లవుతుంటే కారణం ఇదీ అని ఇప్పటిదాకా తేల్చలేకపోయారు. రేపు కొవ్వాడ పక్క ఊళ్లో ఏ జబ్బయినా కనిపిస్తే ప్లాంటుకు ముందే ఉందని తోసెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? అందుకే ఒక్క ఇటుక పేర్చకముందే ఊరూరా జనం ఆరోగ్యం, నీళ్లు, చేప, మట్టి పరీక్ష చేయించి ఆ కాగితాలు పంచాయతీ ఆఫీసులో పెట్టాలి. చేసేది అణుశక్తి విభాగం కాకూడదు. రియాక్టర్లు అమ్మేవాళ్లకు, కొనేవాళ్లకు సంబంధం లేనివాళ్లు చేయాలి. అణుశక్తి నియంత్రణ మండలిని ఆ విభాగం గొడుగు కింద నుంచి బయటికి లాగాలి. అంతవరకు కొవ్వాడలో అడుగు ముందుకు వేయడానికి వీల్లేదు.

థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో తుపాకులు పేలాయి. ప్రాణాలు పోయాయి. మన ప్రజాప్రతినిధులకు అప్పుడూ నోరు పెగల్లేదు, ఫుకుషిమా మీదా పెగల్లేదు. ఓట్లడగడానికి మాత్రం ఆ మత్స్యకారుల గుమ్మాలన్నీ తెలుసు. 2011 జనవరిలో రచ్చబండ అంటూ ఊళ్లమీద పడిన ప్రభుత్వానికి కొవ్వాడలో ఒక రచ్చబండ పెట్టడం కష్టమా? ఆ ఇద్దరు పెద్దమనుషుల్ని అక్కడికి పిలిపించండి, పోలీసుల్ని మాత్రం తేకండి. ఏడో స్థాయి ప్రమాదాన్ని ప్రమాదం కాదని ఎందుకన్నారో వలలు అల్లుకునే ఆ మనుషుల ముందు చెప్పమనండి. చెప్పలేకపోతే వచ్చిన దారినే వెళ్లిపోమనండి.