సవరణ: సిరప్ కొలత చెంచా గురించి

పిల్లల జ్వరం సిరప్ గురించి కిందటి వారం రాసిన పోస్టులో, కొలత మూత పోతే ఇంట్లోని టీ చెంచా వాడవచ్చని, అది 5 మి.లీ. పడుతుందని రాశాను. అది నా పొరపాటు. మందుల లెక్కలో టీ చెంచా అంటే 5 మి.లీ. అన్నది నిజమే గాని, వంటింటి చెంచాలు ఆ లెక్కకు చేసినవి కావు. కావలిలో మా మందుల షాపుకు ఒక అవ్వ మనవడి కోసం తెచ్చిన చెంచాతో (పంచదార డబ్బాలోదట) నీళ్లు తీసి సిరంజిలోకి ఎక్కించి చూస్తే 7 మి.లీ. గీత దాటింది. సీసాతో వచ్చిన గీతల మూత గాని, సూది లేని సిరంజి గాని వాడాలనే మందుల భద్రతా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పారాసిటమాల్ సిరప్‌లన్నీ ఒకటేనని కూడా కొందరు ఆ పోస్టును అర్థం చేసుకున్నారు. మందు ఒకటే, బలం వేరు. 5 మి.లీ.లో 120 లేదా 125 మి.గ్రా. ఉండే సీసాలూ, 250 మి.గ్రా. ఉండే సీసాలూ దొరుకుతాయి. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. ఈ అంకెలు లేబుల్ మీదే ఉంటాయి, అయితే అక్షరాలు చీమల బారులా ఉంటాయి కాబట్టి చదివి చెప్పవలసింది కౌంటరులో ఉన్న మేమే.

మోతాదు చెప్పాక ‘అర్థమైందా?’ అని అడిగితే చాలని ఆ పోస్టులో రాసిన వాక్యాన్ని కూడా తీసేశాను. అవ్వ దానికి వెంటనే తల ఊపింది. మూత గీత మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, ‘ఎంత పోస్తావో చూపించవ్వా’ అన్నప్పుడు మొదటిసారి గీత దాటించి, రెండోసారి సరిగ్గా ఆపింది.