కమలా కీచుగా అరుస్తోంది

మొన్న ఆదివారం జరిగిందిది. ఇప్పటికీ చర్చి గ్రూపులో టింగుమంటే గుండె ఝల్లుమంటోంది.

మాది కాకినాడ వైపు ఒక చిన్న చర్చి, నేను సండే స్కూల్ టీచర్ని. వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి) అయిపోగానే పిల్లలు మళ్ళీ ఫోన్లలో పడ్డారు కదా, బైబిల్ పుస్తకాల పేర్లతో దాగిన పదాల ఆట పెడదామనుకున్నా. 66 పుస్తకాలున్నాయి, పేర్లకి కరువా. ముందు గడుల పజిల్ ట్రై చేశా. నెట్‌లో ఫ్రీగా చేసిపెట్టేవన్నీ ఇంగ్లీషు కోసం పుట్టినవి, లేవీయకాండము అని కొడితే ల ఒక గడిలో, దాని ఏత్వం పక్క గడిలో చుక్కల సున్నా మీద, జాతరలో తప్పిపోయిన పిల్లాడిలా. థెస్సలొనీకయులకు అని కొట్టాక వచ్చింది చూసి లాప్‌టాప్ మూసేశా.

అప్పుడొచ్చింది గొప్ప ఐడియా, పేరాలో దాచేద్దామని. ఒక మాట తోకా ఇంకో మాట తలా కలిస్తే పుస్తకం పేరు రావాలి. పేర్లు దాచడం బైబిల్లో కూడా ఉంది, యిర్మీయా 25లో షేషకు రాజు అని వస్తాడు, షేషకు అంటే బబులోనే. హీబ్రూ అక్షరాల్ని తిరగేసి, మొదటిదాని బదులు చివరిది, రెండోదాని బదులు చివర్నుంచి రెండోది పెడితే బబులోను కాస్తా షేషకు అయిపోతుంది. యిర్మీయాకి లేని మొహమాటం నాకెందుకని రెండు రాత్రులు కూర్చుని ఇది రాశా:

“అందరికీ వందనాలు. మా ఊరూ తుని పక్కనే. ఇంట్లో మందులూ కాఫీపొడీ అయిపోయాయి. రేడియో బుర్ర తినేస్తోంది. ఆ మోసుకొచ్చిన సంచి కనబడట్లేదు. కమలా కీచుగా అరుస్తోంది. పిల్లాడికి మార్కులు రాలేదు. అంతా గమ్మత్తయింది. మీకా సంగతి తెలుసా?”

ఎనిమిది పుస్తకాలు! ఊరూ తునిలో రూతు, మందులూ కాఫీలో లూకా, రేడియో బుర్రలో యోబు, అలా. ‘ఆ మోసుకొచ్చిన సంచి’ ఏం తెలుగో నాకూ తెలీదు, ఆమోసు కోసం భాషని బలిచ్చేశా. గమ్మత్తయిలో మత్తయి ఉన్నట్టా లేనట్టా అని మా ఇంట్లోనే గొడవ, మకి మవత్తు ఉంది కాబట్టి చెల్లదని మా తమ్ముడు, వాడికి ఎప్పుడూ వత్తులే కనిపిస్తాయి.

మా గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ పోస్ట్ పెట్టకూడదు. అడ్మిన్ అంటే సెక్రటరీ గారు. గుడ్ మార్నింగ్ గులాబీలు రోజుకి నాలుగు పెడతారు, మేం ఒక్క మాట పెట్టాలంటే మాత్రం ఆయనకి పంపాలి, ఆయన చూడాలి, ‘సరిచేసి’ పెట్టాలి. పంపా. “పొడుగైందమ్మా, కుదిస్తాను” అన్నారు. ఏం కుదించారంటే, పైన ‘పిల్లలూ, దాగిన పుస్తకాలు కనుక్కోండి’ అన్న లైను, కింద ‘మొత్తం ఎనిమిది’ అన్న లైను. ఆ రెండే. మిగతాది అక్షరం పోకుండా గ్రూపులోకి, అక్కణ్ణుంచి ఆదివారం ప్రార్థన అవసరతల కాగితంలోకి.

ఆ రోజు పాస్టరు అయ్యగారు ఊళ్ళో లేరు. సంఘ పెద్ద ఒకాయన కాగితం పట్టుకుని లేచారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. మోకాళ్ళ నెప్పులు అయ్యాయి, వీసా అయ్యింది, తర్వాత “తుని పక్కన ఉన్న నీ బిడ్డల కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకో ప్రభువా” అన్నారు. నాకు వెలగలేదు, పాపం ఎవరో అనుకుని ఆమెన్ కూడా అన్నా. “వారికి మందులు లేవు తండ్రీ... కాఫీపొడి కూడా లేదు తండ్రీ” అన్నప్పుడు వెలిగింది. కళ్ళు తెరిచా. తెరిచి ఏం చేస్తాం, ప్రార్థన మధ్యలో లేచి ‘అయ్యా అది లూకా’ అంటామా? ఆయనేమో ఊపు మీదున్నారు. “ఆ రేడియో ద్వారా వారి బుర్ర తింటున్న అపవాది తంత్రాలను లయపరచు” అంటే వెనకనుంచి స్తోత్రం స్తోత్రం అని గట్టిగా వినిపించింది, వాళ్ళింటి పక్కన కూడా రేడియో ఉన్నట్టుంది. సంచి దొరకాలని విడిగా ఒక నిమిషం. ఆ తర్వాత గొంతు తగ్గించి, చాలా జాలిగా, “నీ కుమార్తె కమలా... కీచుగా అరుస్తోంది ప్రభువా. ఆ కీచుతనాన్ని తీసివేయి.”

మా క్వైర్‌లో మొదటి వరుస, మైకు ముందు నిలబడి పై స్థాయిలో పాడే ఆంటీ పేరు కమల. ఒట్టు, పేరా రాసేటప్పుడు ఆవిడ నా మనసులో లేరు, మలాకీ కోసం ‘మలా’తో అయ్యే పేరు కావాల్సొచ్చింది, తెలుగులో ఎన్ని ఉన్నాయి చెప్పండి, విమల ఉంది నిజమే, అది అప్పుడు తట్టలేదు. చర్చిలో సగం కళ్ళు తెరుచుకున్నాయి. ఆంటీవి మాత్రం మూసే ఉన్నాయి, ముక్కుపుటాలు ఒక్కటే కదులుతున్నాయి.

అప్పుడు నా క్లాసులోని తొమ్మిదేళ్ళ బుడ్డోడు, నేను చెప్పిన ఆట ఇదేనని పెద్దాళ్ళెవరికీ తట్టనిది వాడికి తట్టి, చాప మీంచి లేచి “అక్కా! మలాకీ!” అని అరిచాడు. కీచుగానే.

సంఘ పెద్ద గారు తొణకలేదు. “అవును తండ్రీ, మలాకీ ప్రవక్త ద్వారా సెలవిచ్చినట్టు ఆకాశపు వాకిండ్లు విప్పి దీవెనలు కుమ్మరించు” అని నేరుగా మలాకీ 3:10కి వెళ్ళిపోయారు. అది పదియవ భాగం వచనం, అంటే సంపాదనలో పదోవంతు దేవుడికి తెమ్మనేది. ఇంకేముంది, ఆరాధన అయ్యేసరికి తుని కుటుంబం కోసం గుమ్మం దగ్గర అట్టపెట్టె.

సెక్రటరీ గారికి విషయం చెప్పా. “ముందే పజిల్ అని రాసుండాల్సిందమ్మా” అన్నారు. నేను! రాసుండాల్సింది!

ఆంటీకి సారీ చెప్పడానికి వెళ్తే “పర్లేదమ్మా” అన్నారు, చాలా సన్నగా. పెట్టెలోని డబ్బులు వెనక్కిచ్చేశాం. రెండు జ్వరం మాత్రల అట్టలు, ఒక పావుకిలో కాఫీపొడి ఎవరివో ఎవరూ చెప్పలేదు, అవి నాకే తగిలించారు. ఇప్పుడిది రాస్తూ ఆ కాఫీయే తాగుతున్నా. చికోరీ ఎక్కువేసినట్టున్నారు.