పేలకపోతే లాగి మళ్ళీ కొట్టమనే ఆ రైఫిల్ మెసేజ్‌కి జవాబు

"తక్కువ డబ్బుతో రైఫిల్ కొనేవాళ్ళకి ఏడు నిజాలు" అనే మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. ఒకరు పంపి ఊరుకునే లోపే ఇంకొకరు పంపుతున్నారు. చూడనివాళ్ళ కోసం దాని సారం చెప్తాను. బోల్ట్ యాక్షన్ (ప్రతి రౌండుకీ చేత్తో బోల్ట్ లాగి తోసే రైఫిల్) కాలం అయిపోయిందట. అదే డబ్బుకి వచ్చే సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేల్చి, తరువాతిదాన్ని తనే ఎక్కించుకునేది) గురి కూడా అంతే ఉంటుందట. కుదుపు సగానికి సగం తగ్గుతుందట. చౌకగా దొరికే ఏ రౌండైనా, అంటే ఏ తూటా అయినా, అందులో ఆడుతుందట. రౌండ్ పేలకపోతే హ్యాండిల్ లాగి వదిలి మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే సరిపోతుందట. ఆపకుండా కాల్చొచ్చు కాబట్టి త్వరగా నేర్పు వస్తుందట. కొత్త బోల్ట్ రైఫిల్ కన్నా వాడేసిన సెమీ ఆటో మేలట. ఈ ఏడింటిలో ఒకటి సగం నిజం, ఒకటి దాదాపు నిజం. ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. చాలా దేశాల్లో సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో పిన్ తగిలి పేలే రౌండ్ల) సెమీ ఆటో మామూలు లైసెన్సుకి దొరకనే దొరకదు. దొరికే చోట ఉండి, ఏది కొనాలా అని తేల్చుకోలేనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

బోల్ట్ కాలం అయిపోయిందన్న మాటకి ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ ఇప్పటికీ ఒక్కో రౌండూ చేత్తో పెట్టుకునే రైఫిళ్ళతోనే జరుగుతుంది. బయాథ్లాన్‌లో సెమీ ఆటోకి అనుమతే లేదు. మంచు మీద స్కీయింగ్ చేసొచ్చి రొప్పుతూనే వాళ్ళు చేత్తో బోల్ట్ ఆడిస్తూ అరనిమిషం లోపు అయిదు రౌండ్లు కొడతారు. వేగం రైఫిల్‌దా, చేతిదా అన్నది అక్కడే తేలిపోయింది.

కుదుపు సంగతి సగం నిజం. బుల్లెట్, మందు బరువులు, అవి బయటికి పోయే వేగం, రైఫిల్ బరువు కలిసి కుదుపుని తేలుస్తాయి. యాక్షన్ (రౌండు ఎక్కించి, ఖాళీది తీసే యంత్రం) ఏదైనా ఆ లెక్క మారదు. సెమీ ఆటోలో బోల్ట్ వెనక్కి నడిచేటప్పుడు ఆ తోపు కాస్త ఎక్కువసేపు పరుచుకుంటుంది. అందుకే భుజానికి గుద్దినట్టు కాక నెట్టినట్టు ఉంటుంది. సగం మాత్రం తగ్గదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి. చవక బోల్ట్ రైఫిళ్ళు బాగా తేలిక, చాలావాటి బరువు మూడు కిలోల లోపే. అంత తేలిక రైఫిల్‌తో .308 లాంటి పెద్ద రౌండు కొడితే కొత్తవాళ్ళు నాలుగో రౌండుకే కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగుతారు. దానికి విరుగుడు యాక్షన్ మార్చడం కాదు, కాలిబర్, అంటే రౌండు సైజు, మార్చడం. అదే రైఫిల్‌ని చిన్న రౌండైన .223లో కొనండి.

ఇక గురి. మెసేజ్‌తో పాటు ఒక ఫొటో తిరుగుతోంది, టార్గెట్ మీద మూడు చిల్లులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మూడు రౌండ్లతో ఏ రైఫిల్ సంగతీ తేలదు. అయిదేసి రౌండ్లు, నాలుగు గ్రూపులు, మధ్యలో బ్యారెల్ చల్లారనిచ్చి, 100 మీటర్ల దగ్గర కొట్టి చూపించమనండి, అప్పుడు మాట్లాడదాం. ఒక నిమిషపు కోణం, అంటే ఒక ఎంఓఏ, 100 మీటర్ల దగ్గర 29 మిల్లీమీటర్లు. చవక బోల్ట్ రైఫిల్ మంచి ఫ్యాక్టరీ రౌండ్లతో దానికి ఒకటి ఒకటిన్నర రెట్లలో కొట్టడం ఇవాళ మామూలే. అదే డబ్బు పెట్టిన సెమీ ఆటో రెండు మూడు రెట్లకి పోవడం కూడా అంతే మామూలు.

సెమీ ఆటో పుట్టుకతోనే గురి తప్పేది కాదు. సర్వీస్ రైఫిల్ పోటీల్లో ఏఆర్-15 తరహా సెమీ ఆటో రైఫిళ్ళు 600 గజాల దగ్గర ఏం చేస్తాయో చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. తేడా అంతా డబ్బు ఎక్కడ పోతుందన్నదే. బోల్ట్ రైఫిల్ అంటే ఒక గొట్టం లాంటి రిసీవర్ (బోల్ట్ కదిలే భాగం), అందులోకి బిగించిన బ్యారెల్, ఒక బోల్ట్, ఒక ట్రిగ్గర్. శావేజ్ 110 లాంటి రైఫిళ్ళలో బ్యారెల్ నట్ ఉంటుంది కాబట్టి, హెడ్‌స్పేస్‌ని (బోల్ట్ ముఖానికీ రౌండ్ ఆగే చోటుకీ మధ్య దూరాన్ని) ఆకురాయితో అరగదీసి కూర్చునే పనే లేదు, గేజ్ పెట్టి నట్ బిగిస్తే అయిపోతుంది. అలా మిగిలిన డబ్బు బ్యారెల్‌కీ ట్రిగ్గర్‌కీ పోతుంది. సెమీ ఆటోలో అదే మొత్తం గ్యాస్ పోర్టుకీ (బోల్ట్‌ని ఆడించడానికి పేలిన గ్యాస్‌లో కొంత మళ్ళించే రంధ్రం), గ్యాస్ ట్యూబుకో పిస్టన్‌కో, బోల్ట్‌ని మోసే క్యారియర్‌కీ, రికాయిల్ స్ప్రింగుకీ, మ్యాగజైన్‌కీ పంచాలి. ఇవన్నీ ఒకదానికొకటి కుదరాలి. మిగిలిన చిల్లరతో బ్యారెల్ వస్తుంది. ట్రిగ్గర్ కూడా చూడండి. మిలిటరీ తరహా ఏఆర్ ట్రిగ్గర్ లాగడానికి రెండున్నర నుంచి నాలుగు కిలోల దాకా బలం కావాలి. రూగర్ అమెరికన్ లాంటి చవక బోల్ట్ రైఫిల్‌లో దాన్ని సుమారు 1.4 కిలోల దాకా దించుకోవచ్చు.

చవక బోల్ట్‌కీ ఒక రోగం ఉంది. ప్లాస్టిక్ స్టాక్ (రైఫిల్‌ని పట్టుకునే దిమ్మ) ముందుభాగం మెత్తగా ఉండి, బైపాడ్ (రెండు కాళ్ళ స్టాండు) మీదో సంచి మీదో ఆనించగానే వంగి బ్యారెల్‌ని తాకుతుంది. రైఫిల్‌ని ఆనించి ఉంచే, బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య ఒక కాగితం ముక్క దూర్చి రిసీవర్ దాకా లాగి చూడండి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ గరుకు కాగితంతో అరగదీయండి. స్కోప్ రింగుల మరలు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే చాలు, బలం కొద్దీ తిప్పితే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. రైఫిల్ గురి తప్పుతోందని గోల పెట్టేవాళ్ళు ముందు ఈ రెండూ చూసుకోవాలి.

"ఏ రౌండైనా ఆడుతుంది" అన్న నాలుగో పాయింటు నిజానికి తలకిందులు. రౌండ్ల విషయంలో పట్టింపు ఉండేది సెమీ ఆటోకే. .22 ఎల్ఆర్ అనే చిన్న కాలిబర్‌లో నెమ్మది రౌండ్లు పెడితే బోల్ట్ పూర్తిగా వెనక్కి పోదు, ఖాళీ కేస్ (రౌండు గొట్టం) అది బయటికి పోయే కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది. బోల్ట్ రైఫిల్‌కి ఆ గొడవ లేదు, చెయ్యి ఎంత లాగితే అంత కదులుతుంది. స్టీల్ కేస్ రౌండ్లు ఎస్‌కేఎస్ అనే సెమీ ఆటోలో హాయిగా నడుస్తాయి, ఎందుకంటే ఆ రౌండు కేస్ ముందుకి పోయేకొద్దీ సన్నబడుతుంది, రైఫిల్‌ని దానికోసమే కట్టారు. ఇత్తడి కేసుల కోసం కట్టిన ఛాంబర్లో (రౌండు కూర్చునే చోట) స్టీల్ కేస్ పేలాక ఇత్తడంత చప్పున ముడుచుకోదు. ఛాంబర్ వేడెక్కి మసి పట్టిందంటే ఎక్స్‌ట్రాక్టర్ (కేస్‌ని బయటికి లాగే కొక్కెం) అంచుని చీల్చుకుని వస్తుంది, కేస్ లోపలే ఉండిపోతుంది. పాత మిలిటరీ మిగులు రౌండ్లలో చాలావాటి ప్రైమర్ (పిన్ తగిలితే మందుని అంటించే చిన్న మూత) ఉప్పు వదులుతుంది, అది గాలిలో తేమని పీల్చి ఇనుముని తినేస్తుంది. బోల్ట్ రైఫిల్ అయితే బ్యారెల్లో వేడినీళ్ళు పోసి, బోల్ట్ ముఖం తుడిచి, ఆరబెట్టి, నూనె పట్టిస్తే సరి. సెమీ ఆటోలో ఆ ఉప్పు గ్యాస్ పోర్టులోకి, పిస్టన్‌లోకి కూడా పోతుంది. అక్కడిదాకా విప్పి కడిగే ఓపిక ఎందరికుంది?

అన్నిటికన్నా భయపెట్టేది .300 బ్లాకౌట్ అనే రౌండు. దాని కేస్ .223 కేస్‌ని పొట్టిగా కోసి చేసిందే కాబట్టి అడుగు అదే, మ్యాగజైన్ అదే. లోపల బుల్లెట్ మాత్రం 7.8 మిల్లీమీటర్లు, .223 బ్యారెల్ రంధ్రం 5.7. కొన్ని రకాల బుల్లెట్లైతే స్ప్రింగు దెబ్బకి కేస్‌లోకి కూరుకుని .223 ఛాంబర్లోకి ఎక్కేస్తాయి. ట్రిగ్గర్ లాగితే రైఫిల్ ముక్కలవుతుంది. బోల్ట్ రైఫిల్‌లో ఇదే తప్పు జరిగితే చాలావరకు హ్యాండిల్ కిందికి దిగనని మొరాయిస్తుంది, అరచేతికి తెలుస్తుంది. స్ప్రింగుకి ఆ తెలివి లేదు. రెండు కాలిబర్లూ ఉన్నవాళ్ళు మ్యాగజైన్లని రంగు టేపు చుట్టి వేరు చేసుకోండి. ఏ రౌండైనా ఆడుతుందని రాసినవాడికి ఈ ఒక్క సంగతి తెలిసినా ఆ వాక్యం రాయడు.

ఇప్పుడు అయిదో పాయింటు. పేలకపోతే లాగి, వదిలి, మళ్ళీ కొట్టమన్నాడు. బోల్ట్‌లో లేని "సదుపాయం" అట! ఇది సదుపాయం కాదు. ఎదురుగా మనిషి కాల్చుతున్నప్పుడు ఆగితే చచ్చిపోయే సైనికుడికి నేర్పే అలవాటు ఇది. టార్గెట్ కాగితం మనమీదికి తిరిగి కాల్చదు. ఆగడానికి ఎంత టైమైనా ఉంది.

ముందు శబ్దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఉత్త "టిక్" వినిపించి ఏమీ కాకపోతే, రౌండ్ ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. మూతి టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, కనీసం 30 సెకన్లు కదలకండి, నిమిషమైతే ఇంకా మంచిది. తరువాత మ్యాగజైన్ తీసి, ముఖం కిటికీకి ఎదురుగా లేకుండా చూసుకుని బోల్ట్ తెరవండి. వెంటనే లాగేస్తే, ఛాంబర్ దాటి బయట పేలిన ఇత్తడి కేస్ పగిలి ముక్కలు ముఖానికే వస్తాయి. కంటి అద్దాలు ఎందుకు పెట్టుకోమంటారనుకున్నారు? బయటికొచ్చిన రౌండ్ అడుగు చూడండి. ప్రైమర్ మీద లోతైన గుంట ఉంటే తప్పు రౌండుది. చుక్కంత మచ్చే ఉంటే ఫైరింగ్ పిన్ స్ప్రింగు నీరసించింది, లేదా పిన్ దారిలో గ్రీజు గడ్డకట్టింది.

"టిక్" కాకుండా "టుప్" అని పీలగా మోగి, భుజానికి ఏమీ తగలకపోతే అది ఇంకా ప్రమాదం. మందు లేకో, సరిగ్గా అంటుకోకో, బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఆగిపోయి ఉండొచ్చు. అంత బలహీనమైన రౌండ్ సెమీ ఆటో బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి నెట్టలేదు. కాబట్టి రైఫిల్ దానంతట అదే ఆగిపోతుంది. మనకి దొరికే హెచ్చరిక అదే. మెసేజ్ చెప్పినట్టు లాగి వదిలితే, ఆ హెచ్చరికని చేతులారా తుడిచేసి ఇరుక్కున్న బుల్లెట్ వెనకాల ఇంకో రౌండ్ పెట్టినట్టు. రెండోది వెళ్ళి దాన్ని గుద్దుకుంటుంది. అదృష్టం బావుంటే బ్యారెల్‌కి ఉంగరంలా ఉబ్బు వస్తుంది. తరువాత గుడ్డముక్క లోపలికి తోసి చూస్తే బిగుతుగా పోతూ పోతూ ఒక్కచోట చటుక్కున వదులవుతుంది, అదే ఉబ్బు ఉన్న చోటు. అదృష్టం లేకపోతే బ్యారెల్ చీలుతుంది, ఎడమచెయ్యి ఉండేది సరిగ్గా దాని కిందే.

"టుప్" విన్నాక ఆగండి. మ్యాగజైన్ తీయండి, ఛాంబర్ ఖాళీ చేయండి, తరువాత బ్యారెల్ చూడండి. బోల్ట్ రైఫిల్‌లో బోల్ట్ బయటికి తీసి వెనకనుంచి వెలుగు కనబడుతుందా అని చూస్తే అయిపోయింది. ఏఆర్‌లో వెనక పిన్ తోసి, రిసీవర్ మడిచి, క్యారియర్ లాగేస్తే వెనకనుంచే కనబడుతుంది. రూగర్ 10/22, ఎం1 గరాండ్ లాంటి సెమీ ఆటోల్లో వెనకనుంచి చూసే దారి లేదు. ఛాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ మూసి, మూతిలోంచి క్లీనింగ్ రాడ్ దించండి. ఆగిన చోట మూతి అంచు దగ్గర రాడ్‌ని గోటితో పట్టుకుని బయటికి తీసి, బ్యారెల్ పక్కన పెట్టి కొలవండి. బోల్ట్ ముఖం దాకా వెళ్ళకపోతే లోపల బుల్లెట్ ఉన్నట్టే. దాన్ని తీయించేదాకా ఆ రైఫిల్ కాల్చకూడదు, "ఇంకో రౌండుతో బయటికి కొట్టేద్దాం" అనే ఆలోచన అసలే కూడదు.

బోల్ట్ రైఫిల్ వాళ్ళు ఇది చదివి నిశ్చింతగా ఉండకండి. ప్రతి రౌండుకీ చెయ్యి బోల్ట్ ఆడించడానికి అలవాటుపడి ఉంటుంది. బలహీన రౌండైనా కేస్ మామూలుగానే బయటికొస్తుంది, కొత్తది మామూలుగానే లోపలికి పోతుంది. మిమ్మల్ని ఆపడానికి రైఫిల్‌లో ఏమీ లేదు, మీ చెవులు తప్ప.

ఆరో పాయింటు దగ్గర మెసేజ్‌తో చాలావరకు ఏకీభవిస్తాను, .22 ఎల్ఆర్ మటుకు. అందులో సెమీ ఆటోకి గ్యాస్ పోర్టూ లేదు, బోల్ట్‌ని బిగించి పట్టే లాకింగూ లేదు. బరువైన బోల్ట్, ఒక స్ప్రింగు, అంతే. 10/22 ని 1964 నుంచి ఆ పద్ధతిలోనే చేస్తున్నారు. ధరలో తేడా కూడా సెంటర్‌ఫైర్‌లో ఉన్నంత ఉండదు. ఎడమచేతివాటం వాళ్ళకైతే నేనే సెమీ ఆటో వైపు మొగ్గుతాను. కుడివైపు బోల్ట్‌ని ఎడమచేత్తో పైనుంచి చాచి ఆడించడం నిజంగా యాతన, ఎడమచేతి బోల్ట్ రైఫిళ్ళు చవక రకాల్లో తక్కువ. ఒక చెయ్యి బలహీనంగా ఉన్నవాళ్ళకీ ఇదే మాట. కాకపోతే నేర్పు రావాలంటే మ్యాగజైన్‌లో ఒక్కటి, మహా అయితే రెండు రౌండ్లు పెట్టండి. నిండా పెడితే నేర్చుకునేది తక్కువ, ఖాళీ అయ్యే డబ్బాలు ఎక్కువ. సెంటర్‌ఫైర్‌లో ఆ డబ్బాల ఖర్చే చివరికి రైఫిల్ ధరని దాటుతుంది. అందుకే చేతిలో ఉన్న మొత్తంలో రైఫిల్‌కి సగం మించి పెట్టకండి, మిగతాది స్కోప్‌కీ, మౌంట్లకీ, రౌండ్లకీ ఉంచండి.

వాడేసిన సెమీ ఆటో కొంటే కొనండి, చూసి కొనండి. ఏఆర్ అయితే క్యారియర్ బయటికి తీసి, బోల్ట్‌ని ముందుకి లాగి, బోల్ట్ ముఖం బల్ల మీద ఆనేలా నిలబెట్టండి. క్యారియర్ తన బరువుకే జారి కూలబడితే గ్యాస్ రింగులు అరిగిపోయినట్టు. మూడు రింగులూ మార్చడం పెద్ద ఖర్చు కాదు, ధర తగ్గించమని అడగండి. క్యారియర్ పైన గ్యాస్ కీ (గ్యాస్‌ని లోపలికి తీసుకునే ముక్క) మరలు రెండూ కదలకుండా చుట్టూ లోహం నొక్కి ఉందో లేదో చూడండి. వదులైతే గ్యాస్ కారి, రైఫిల్ ఖాళీ కేసుని సగంలో వదిలేస్తుంది. మ్యాగజైన్ పెదవులు వంకర పోతే, రౌండ్ ముక్కు పైకి లేచి ఛాంబర్ అంచుకి గుద్దుకుంటుంది. వాడిన బోల్ట్ రైఫిల్ కొంటే పని ఇంకా తక్కువ. మూతి అంచుని దూది ముక్కతో చుట్టూ తుడవండి, పోగు తగులుకున్న చోట దెబ్బ ఉన్నట్టు. తరువాత హెడ్‌స్పేస్ కొలిచే గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో గేజ్ మీద మూసుకోకూడదు. నో-గో మీద మూసుకుంటే తీసుకోకుండా వచ్చేయండి.