రౌడీకి నేల కావాలి

వీడియో గేముల్లో దెబ్బలు తినేవాళ్ల గురించి ఇంతవరకూ ఎవరూ సీరియస్‌గా ఆలోచించిన పాపాన పోలేదు. హీరోలకు అభిమానులున్నారు. విలన్లకూ ఉన్నారు, ఆ మాటకొస్తే హీరోలకంటే ఎక్కువే ఉన్నారు. మధ్యలో గుంపులుగా వచ్చి, తలా నాలుగు తిని, రెండుసార్లు మినుకుమని మాయమైపోయే రౌడీకి మాత్రం నా అన్నవాడు లేడు. పొద్దున లేస్తే హక్కుల గురించి మాట్లాడుకునే మనకు ఇది తగునా?

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకంటే, 2025 డిసెంబరులో మార్వెల్ కామిక్స్ హీరోలతో ‘మార్వెల్ కాస్మిక్ ఇన్వేజన్’ అనే ఆట వచ్చింది. మాంట్రియల్‌లోని ట్రిబ్యూట్ గేమ్స్ వాళ్లు తయారుచేశారు. కెప్టెన్ అమెరికా, వుల్వరిన్, స్పైడర్‌మ్యాన్, స్టార్మ్, ఐరన్ మ్యాన్, వెనమ్, షీ హల్క్, నోవా, సిల్వర్ సర్ఫర్ వగైరా మొత్తం 15 మంది హీరోలు. అవతల నెగెటివ్ జోన్ అనే వేరే విశ్వాన్ని ఏలే విలన్ అన్నిహిలస్, ఆయనగారి పురుగుల సైన్యం. న్యూయార్క్ వీధుల్లో మొదలైన కొట్లాట అంతరిక్షం దాకా పోతుంది. ఇందులో విశేషం ఏమిటంటే, ఆడేవాడు ఒక హీరోని కాదు, ఇద్దరిని ఎంచుకుంటాడు. ఒకడు కొడుతుంటే రెండోవాడు తెర బయట ఉంటాడు. బటన్ నొక్కితే వీడు పోయి వాడొస్తాడు. ఇంకో బటన్ నొక్కితే వాడొచ్చి ఒకటిచ్చి వెళ్లిపోతాడు.

నేనూ ఆడాను. బాగుంది. బాధంతా అది బాగుండటంతోనే వచ్చింది.

ఒక్క పురుగుని దగ్గరగా చూడండి. షీ హల్క్ దాన్ని ఒక్క గుద్దుతో పైకి లేపుతుంది. అది గాల్లో ఒక గిరికీ కొట్టి కిందికి దిగుతోంది. వీపు నేలకు తగలడానికి ఇంకా జానెడు దూరం ఉంది. ఈలోపు బటన్. నోవా దూసుకొచ్చి గాల్లోనే రెండు తగిలిస్తాడు. మళ్లీ పైకి. మళ్లీ బటన్. ఆరు కాళ్లున్న జీవి, ఒక్క కాలైనా నేలకు ఆనించనివ్వరు. పక్కన ఆడే పిల్లలేమో “కాంబో, కాంబో” అని కేకలు (తెగకుండా వరసగా పడే దెబ్బల్ని అలా అంటారు). చచ్చేది పురుగైనా మర్యాదగా కింద పడి చావాలి కదా! ఇది గాల్లోనే పోతోంది.

ఇక్కడే నా ఫిర్యాదు. కింద పడటం రౌడీకి ఉన్న ఒకే ఒక్క విశ్రాంతి. పాతకాలం ఆటల్లో అదొక కట్టుబాటులా నడిచేది. 1987లో ‘డబుల్ డ్రాగన్’, 1989లో ‘ఫైనల్ ఫైట్’ వచ్చినప్పుడు రౌడీ నాలుగు దెబ్బలు తిని దబ్బున పడేవాడు. పడ్డాక కాసేపు అలాగే ఉండేవాడు. వాడు లేచేదాకా హీరో కూడా ఊపిరి పీల్చుకునేవాడు, లేదా పక్కవాడి పని చూసుకునేవాడు. ‘ఫైనల్ ఫైట్’లో హ్యాగర్ అనే హీరో సాక్షాత్తూ మెట్రో సిటీ మేయరు. కూతుర్ని ఎత్తుకుపోయారని చొక్కా విప్పి తానే వీధిలోకి దిగుతాడు. (కమిషనర్‌కి ఫోన్ చేయకుండా, ప్రెస్ మీట్ పెట్టకుండా స్వయంగా దిగిన మేయరు నాకు తెలిసి ఆయనొక్కడే.) అంతటి మేయరు కూడా పడ్డవాడు లేచేదాకా ఆగేవాడు.

పైగా రౌడీకి అప్పట్లో పేరుండేది. దెబ్బ పడగానే తెర మీద లైఫ్ బార్‌తో (ప్రాణం ఇంకా ఎంత మిగిలిందో చూపే గీత) పాటు పేరు కూడా వచ్చేది: బ్రెడ్, డగ్ ఇలా. మొహం ఒకటే, చొక్కా రంగు వేరు, పేరు వేరు. పేరు పెట్టి తన్నడంలో ఎంతో కొంత గౌరవం ఉంది.

అంతకంటే ముఖ్యం, అప్పట్లో రౌడీ సంపాదనపరుడు. వీడియో గేమ్ షాపువాడి మెషీన్లో మన రూపాయి బిళ్ల మళ్లీ పడాలంటే మన హీరో చావాలి. హీరోని చంపేది ఎవరు? రౌడీయే. అంటే షాపు అద్దె, కరెంటు బిల్లు అన్నీ వాడి రెక్కల కష్టం మీదే నడిచాయి. 1993లో క్యాప్‌కామ్ చేసిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ మన దగ్గర ఆ పేరుతో ఎంతమందికి తెలుసో గానీ, ‘ముస్తఫా’ అంటే మాత్రం ఒక తరం మొత్తం లేచి నిలబడుతుంది. పరిగెత్తుకొచ్చి ఎగిరి తన్నే ముస్తఫాని ఎంచుకోవడానికి జరిగిన తగాదాలు లెక్కలేనన్ని. మరి ఆ తన్నులు తిని, లేచి, మళ్లీ తిని, చివరికి మన జేబు ఖాళీ చేసిన రౌడీలు ఎవరికైనా గుర్తున్నారా?

తర్వాత ఆటలు ఇళ్లలోకొచ్చాయి. బిళ్లలు పోయాయి. ఒకసారి కొనేశాక రౌడీ మనల్ని చంపినా, చంపకపోయినా కంపెనీకి పైసా తేడా రాదు. వాడి పని మారిపోయింది. ఇప్పుడు వాడు హీరో విద్యలు చూపించుకోవడానికి పనికొచ్చే వస్తువు, అంతే. ఎంతసేపు గాల్లో ఉంచితే అంత గొప్ప. నేల మీద పడితే కాంబో తెగుతుంది గనుక పడనివ్వడమే తప్పయింది.

ఈ వరసలో చివరి మేకు జంట హీరోల పద్ధతి. ఒంటరి హీరోకి ఏం చేసినా చేతులు రెండే, ఏదో ఒక క్షణంలో పట్టు జారుతుంది, రౌడీ కింద పడతాడు. ఇద్దరైతే ఆ ఖాళీ కూడా ఉండదు. 1992లో కొనామీ వాళ్లు ఎక్స్‌మెన్ ఆటకి ఆరుగురు పక్కపక్కన నిలబడి ఆడే పెద్ద మెషీన్ తెచ్చారు. అది దారుణమే, కాదనను. అయినా ఆ ఆరుగురూ ఆరుగురే. ఇప్పుడు నలుగురు కూర్చుంటే తలకి ఇద్దరు చొప్పున ఎనిమిది మంది. వాళ్లలో సిల్వర్ సర్ఫర్ ఒకడు. గ్రహాలు మింగే గెలాక్టస్ దగ్గర పనిచేసి వచ్చిన మనిషి, చుక్కల మధ్య పలక మీద తిరిగేవాడు, ఇప్పుడు ఒక మామూలు పురుగుని కొట్టడానికి పార్ట్‌నర్ కావాలంటున్నాడు. అడగండి, సిగ్గుగా లేదా అని.

జంటగా కొట్లాడటం కొత్త కాదని తెలిసినవాళ్లు అంటారు. నిజమే. 1996లో క్యాప్‌కామ్ ‘ఎక్స్‌మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’ తెచ్చినప్పుడే ఒకడు లోపల, ఒకడు బయట అనే పద్ధతి వచ్చింది. బయట ఉన్నవాడికి పోయిన లైఫ్‌లో కొంత తిరిగొచ్చేది కూడా. అయితే అందులో రెండు పక్కలా ఇద్దరిద్దరు ఉండేవాళ్లు. తన్నేవాడికి ఉన్న సౌకర్యం తన్నించుకునేవాడికీ ఉండేది. దాన్ని పోటీ అంటారు. ఇప్పుడేమో హీరోకి మాత్రం డ్యూటీ మార్చుకునే వీలుంది, పురుగుకి లేదు. దీన్ని ఏమంటారో చదువరులే చెప్పాలి.

“పురుగులు వందల్లో ఉన్నాయి కదా, అదే వాటి బలం” అని ఒక మిత్రుడు వాదించాడు. వందమంది ఉన్నారు, సరే. కొట్టేది ఎంతమంది? ఈ తరహా ఆటల్లో ఒకేసారి మీద పడేవాళ్ల సంఖ్యకి తయారుచేసేవాళ్లే హద్దు పెడతారు, లేకపోతే హీరో అరనిమిషం నిలవడు. మిగతావాళ్లంతా చుట్టూ అటూ ఇటూ నడుస్తూ వంతు కోసం కాచుకుంటారు. బస్టాండు టికెట్ కౌంటర్ దగ్గర కూడా కనిపించని క్రమశిక్షణ అది. ఎనిమిది మంది హీరోలు తోసుకుంటూ మీద పడుతున్నా వాళ్లు మాత్రం క్యూ తప్పరు.

కనుక ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు వెంటనే జోక్యం చేసుకోవాలి. ఒక రౌడీని గాల్లో ఉంచగల సమయానికి పరిమితి విధించాలి. అది దాటితే హీరో చేతులు కట్టుకుని నిలబడాలి, వాడు పడాలి. పడ్డాక కనీసం రెండు సెకన్లు వాడి జోలికి పోకూడదు. ఈ ఆటల్లో వీధిలోని డ్రమ్ము పగలగొడితే వచ్చే, తింటే పోయిన లైఫ్ తిరిగొచ్చే మాంసం ముక్క హీరోయే తినాలని ఎక్కడ రాసుంది? అదీ ఆలోచించాలి. ఆ డ్రమ్ము ఉన్న వీధి రౌడీది, కాపలా రౌడీది, విందు మాత్రం దారిన పోయేవాడిది.

అన్నిహిలస్ గారితో కూడా ఒక మాట. తమరు 1968లో కామిక్స్‌లోకి వచ్చినప్పటి నుంచీ విశ్వాన్ని నాశనం చేస్తామంటూనే ఉన్నారు, చాలా సంతోషం. సిబ్బంది సంగతి ఎన్నడైనా చూశారా? మేనేజ్‌మెంట్ ఎక్కడైనా ఒకటే కాబట్టి జవాబు ఊహించగలను. ఇలాంటి ఆటల్లో బాస్ అనేవాడు, అంటే చివర్లో ఎదురయ్యే పెద్ద విలన్, మామూలు దెబ్బకి ఎగరడు, ఊగడు. లైఫ్ బార్ తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. ఎనిమిది మంది కలిసి డొక్కలో గుద్దుతున్నా నిటారుగా నిలబడి తన డైలాగ్ తాను చెప్పుకుంటాడు. ఆయన కింద పడేది ఒకే ఒక్కసారి, అది కూడా సాధారణంగా స్లో మోషన్‌లో, అందరూ కొట్టడం ఆపేశాక.