పెద్ద పేరు గారికి, కొండ కింది నుంచి ఒక విన్నపం

తిరుపతి,
బాలాజీ కాలనీ.

మహారాజశ్రీ పెద్ద పేరు గారికి,

నమస్కారాలు. మీరు నన్ను ఎరుగరు. నేను మాత్రం నాలుగు నెలలుగా మిమ్మల్ని మా ఇంట్లో పెట్టుకుని మేపుతున్నాను. భోజనాల దగ్గర మీ మాటే, పడుకునే ముందూ మీ మాటే. నిన్న మా వీధి చివర కొబ్బరికాయలు అమ్మే ఆయన కూడా "అమ్మాయికి పెద్ద పేరున్న దాంట్లోనే వచ్చిందట కదా సార్" అని మీ క్షేమం విచారించాడు.

సంగతేమిటంటే, మా అమ్మాయికి అమెరికాలో ఎమ్మెస్‌కు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి తమరి గడపలోనే, అంటే పెద్ద పేరున్న విశ్వవిద్యాలయంలో. తమరు రూపాయి సాయం చేయరు. ఇల్లు తాకట్టు పెట్టి మేమే తమరిని సేవించుకోవాలి. రెండోది, మా బంధువుల్లో ఒక్కరూ పేరు సరిగ్గా పలకలేని ఊళ్లో ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడ ఒక ప్రొఫెసర్ మా అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు మొత్తం చదివి, పన్నెండో పేజీలో గ్రాఫు కింద యూనిట్లు తప్పు పడ్డాయని పట్టుకున్నాడు. పట్టుకుని, ల్యాబులో పని ఇస్తాను, ఫీజు ఉండదు, ఏప్రిల్ 15 లోగా చెప్పమన్నాడు. నేను ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పన్నెండో పేజీ దాకా చదివినవాడిని చూసి చాలా కాలమైంది.

అయినా తేల్చుకోలేకపోయాం. కారణం మీరే. తమరి నామధేయం చెబితే ఫోనులో అవతలివారు "ఓహో" అంటారు. రెండోది చెబితే "అది ఎక్కడుంది?" అంటారు, తర్వాత గొంతు తగ్గించి "మంచిదేనా?" అంటారు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. రెండు సీట్లకూ ఖర్చులో తేడా 60 లక్షలు. ఇలా ఫోను చేసే బంధువుల ఇళ్లు 30. ఇంటికి రెండు లక్షల చొప్పున పడింది ఒక్కో ఓహో. పెళ్లిలో ఇంటింటికీ పట్టుబట్టలు పెట్టినా ఇంత కాదు.

తమరికి ఇంత పేరు ఎలా వచ్చిందో కూడా విచారించాను. క్యూఎస్ అనే ర్యాంకుల వాళ్లు చాలా ఏళ్లపాటు నూటికి 40 మార్కులు, ఇప్పుడు 30 మార్కులు, అధ్యాపకులను "మీ దృష్టిలో మంచివి ఏవి?" అని అడిగి వేస్తారట. వాళ్లు విన్న పేర్లు రాస్తారు. ఆ పేర్లు పైకి వస్తాయి. పైకి వచ్చాయి కాబట్టి మరుసటి ఏడు మళ్లీ వినపడతాయి. మా వీధిలో మీకంటే ముందే ఒక బజ్జీల బండికి ఇలాగే పేరు వచ్చింది. జనం ఉన్నారని జనం చేరేవారు. పాపం, ఆ బండివాడు ఎవరి ఇల్లూ తాకట్టు పెట్టించలేదు. కొలంబియా విశ్వవిద్యాలయం కథ ఇంకా బాగుంది. అమెరికా ర్యాంకుల్లో రెండో స్థానంలో వెలుగుతుండగా, 2022లో అక్కడి గణిత ఆచార్యుడే, మైకేల్ థాడియస్, ర్యాంకుల వాళ్లకు తమ విశ్వవిద్యాలయం పంపిన అంకెలు సరిగా లేవని బయటపెట్టాడు. ఆ ఏడే పద్దెనిమిదో స్థానానికి జారింది. తరగతి గదులు అవే, పాఠాలు అవే, చెప్పేవాళ్లూ వాళ్లే. ఆ ఏడు చేరిన పిల్లల బంధువులు తమ ఓహోను వెనక్కి తీసుకున్నారేమో.

మీరు పుట్టుకతోనే రాగలరని మా ఊరికి తెలుసు. ఎస్వీ యూనివర్సిటీ 1954లో పుట్టి, ఒక్కో బ్యాచ్‌నూ బయటికి పంపుకుంటూ పేరు తెచ్చుకుంది. తిరుపతి ఐఐటీ 2015లో తాత్కాలిక ప్రాంగణంలో మొదలైన నాడు దానికి పూర్వ విద్యార్థి అన్నవాడు ఒక్కడూ లేడు. అయినా ఆ మూడక్షరాలు వినగానే ఊరంతా లేచి నిలబడింది. తప్పు పట్టడం లేదు, అక్కడ మంచి పనే జరుగుతోంది. పేరుకూ ఇంటిపేరుకూ తేడా చెబుతున్నానంతే.

తమరు ఉత్త డాబు అని కూడా అనలేను, అంటే అబద్ధం. అమెరికాలో చదివి అక్కడే అధ్యాపకులైనవారిలో 80 శాతం మంది కేవలం 20.4 శాతం విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవారేనని 2022లో నేచర్ పత్రికలో లెక్క వచ్చింది. ప్రొఫెసర్ కావాలనుకునేవారు తమరి కాళ్లు పట్టుకోక తప్పదు. అయితే అందరికంటే ఎక్కువ మందిని పంపిన అయిదింటిలో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, మిషిగన్‌లతో పాటు విస్కాన్సిన్ కూడా ఉంది. మా బావమరిదికి విస్కాన్సిన్ అని చెప్పి చూశాను. "అక్కడ చలి ఎక్కువ కదా బావా" అన్నాడు. ఓహో రాలేదు. మా అమ్మాయికి ప్రొఫెసర్ కావాలని లేదు, బ్యాటరీలు చేయాలని ఉంది.

ఇక తమరి పరివారం, అదే, పూర్వ విద్యార్థుల నెట్‌వర్క్. దాని గురించి తిరుపతి వాడికి చెప్పేదేముంది? దరఖాస్తుకు మూడు సిఫారసు లేఖలు కావాలని అమ్మాయి అనగానే మా ఆవిడ "ఎమ్మెల్యేవా, ఎంపీవా?" అని అడిగింది. మా ఊళ్లో ఇల్లు ఉన్న ప్రతివాడూ ఒక నెట్‌వర్కే. అయిదేళ్లుగా పలకరించని పెదనాన్న గారి తోడల్లుడు ఫోను చేసి, ముందు ఆరోగ్యం అడిగి, తర్వాత వాన గురించి అడిగి, చివరికి "బ్రేక్ దర్శనం ఏమైనా..." అంటాడు. గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఇదే కనిపెట్టాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ పరిచయస్తులను తరచూ కలిసేవారు 16.7 శాతమే. మిగతా అందరికీ ఎప్పుడో ఒకప్పుడు కనిపించేవారే పనికొచ్చారు. ఆయన అమెరికాలో కష్టపడి సర్వే చేశాడు గానీ, వేసవి సెలవుల్లో మా ఇంట్లో వారం రోజులు ఉంటే సరిపోయేది.

సాయం అడిగించుకునే వైపు నిలబడి చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఫోను పుస్తకంలో నా నంబరు ఉన్నంత మాత్రాన ఎవరికీ దర్శనం కాలేదు. నేను తెల్లవారుజామున లేచి, ఆధార్ కార్డులు పట్టుకుని వెళ్లి నిలబడితే అయింది. లేవాలనిపించని రోజున కాలేదు. తమరి పరివారం లక్షల్లో ఉందని బ్రోచర్లో వేశారు. పొద్దున్నే లేచేవాళ్లు ఎందరో వేయలేదు.

అందుకని అమ్మాయి చేత ఉత్తరాలు రాయించాను. తమరి దగ్గర చదివిన తొమ్మిది మందికి, ఆ రెండో చోట ప్రొఫెసర్ దగ్గర పనిచేసిన ముగ్గురికి. తమరివైపు నుంచి ఇద్దరు పలికారు. ఒకరు విరాళాల పేజీ లింకు పంపారు. రెండోవారు తాము కూడా ఉద్యోగం వెతుక్కుంటున్నామని, మాకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమని రాశారు.

అటువైపు ముగ్గురిలో ఒకడు ఆదివారం రాత్రి ఫోను చేసి నలభై నిమిషాలు మాట్లాడాడు, విశాఖపట్నం అబ్బాయి. చలికోటు ఇక్కడ కొనవద్దన్నాడు. మనం రాసినదాన్ని ప్రొఫెసర్ నాలుగుసార్లు తిప్పి పంపుతాడని, మొదటి సెమిస్టరులో ఏడుపు వస్తుందని చెప్పాడు. ల్యాబు మధ్యలో వదిలేసి వెళ్లినవాడి నంబరు కూడా ఇచ్చి, అతన్నీ అడిగి నిర్ణయించుకోమన్నాడు. పక్కనే కూర్చుని వింటున్న నాకు కడుపు నిండిపోయింది. ఇదిగో, లేచేవాడు దొరికాడని మా ఆవిడ వైపు చూశాను.

నలభై ఒకటో నిమిషంలో ఆ అబ్బాయి కాస్త తటపటాయించి, "అన్నట్టు మీది తిరుపతి అన్నారు కదా? వచ్చే నెల అమ్మా నాన్నా కొండకు వస్తున్నారు..." అన్నాడు.

అమ్మాయి ఫోను చేత్తో మూసి నా వైపు చూసింది. "నాన్నా!"

కాబట్టి ఈ లేఖ ఇక్కడ ఆపుతున్నాను. ఏప్రిల్ 15 లోపు తమరి సీటు తమరికే తిరిగి వస్తుంది, వేరే భక్తులెవరికైనా ఇచ్చుకోండి. నాకు రేపు తెల్లవారుజామున పని ఉంది. ఈలోగా ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారి ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, అమ్మగారి ఆధార్‌లో మరోలా పడింది, దాని సంగతి చూడాలి.

ఇట్లు,
ఒక ఆడపిల్ల తండ్రి