రాకడ లెక్కలా, అప్పగించిన పనా?

బోధకుడు: ప్రభువు రాకడ సూచనలు కళ్లెదుటే ఉంటే, ఆయన తిరిగి వచ్చే తేదీ లెక్క వేయొద్దంటారేంటి బ్రదర్? ఆకాశం చూసి వాన చెప్పగలవాళ్లు ఈ కాలాన్నెందుకు గుర్తించరని ప్రభువే గద్దించాడు కదా, లూకా 12లో.

సంఘ పెద్ద: గుర్తించమన్నాడు అయ్యగారూ, తేదీ చెప్పమనలేదు. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మత్తయి 24:36. 19వ శతాబ్దపు అమెరికా బోధకుడు విలియమ్ మిల్లర్ లెక్కే చూడండి. దానియేలు 8:14లోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కించి రాకడ 1843లో అని తేల్చాడు. మధ్యలో సున్నా సంవత్సరం లేదని గ్రహించాక అది 1844కి జరిగింది. చివరికి అక్టోబరు 22 అన్నారు. పంట కోయకుండా వదిలేసినవాళ్లున్నారు. కూడిక సరిచేశారు గానీ, దినమంటే ఏడాదన్న ఊహను, 457 అన్న మొదలును అలాగే ఉంచేశారు.

బోధకుడు: మిల్లర్ తప్పితే వాక్యం తప్పినట్టా? అదే మత్తయి 24లోని ఉపమానంలో, యజమాని ఆలస్యం చేస్తున్నాడనుకున్న దాసుడే తోటివాళ్లను కొట్టి, తాగుబోతులతో కూర్చున్నాడు. గడువు లేకపోతే సంఘం నిద్రపోతుంది.

సంఘ పెద్ద: మీ భయం న్యాయమైనదే. అయితే పక్క అధ్యాయం కూడా చదవాలి. పెళ్లికొడుకు కోసం ఎదురుచూస్తూ కన్యకలు పదిమందీ కునికారు. ఆలస్యం కావచ్చని దివిటీలతో పాటు సిద్దెల్లో, అంటే పాత్రల్లో, నూనె తెచ్చుకున్నవాళ్లే లోపలికి వెళ్లారు. తేదీ పెట్టుకున్నవాడి నూనె ఆ తేదీ దాకానే సరిపోతుంది. మర్నాడు తెల్లవారితే వాడి విశ్వాసానికి ఆధారమేది?

బోధకుడు: లయమైపోయే లోకంలో పొలాలు కొనుక్కోవడం విశ్వాసమా మరి?

సంఘ పెద్ద: యిర్మీయా ప్రవక్త కొన్నాడు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. పట్టణం పడిపోతుందని ప్రవచించినందుకు ఆయన ఖైదులో ఉన్నాడు. అక్కడే అనాతోతు పొలానికి 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల్ని పెట్టి, క్రయపత్రం రాయించాడు. ముద్ర వేసిన ప్రతి, వేయని ప్రతి రెండూ మట్టికుండలో పెట్టమన్నాడు, చాలాకాలం పాడవకుండా ఉండాలని.

బోధకుడు: అయితే అంత్యకాలం గురించి చెప్పే ప్రకటన గ్రంథం మూసేయమంటారా?

సంఘ పెద్ద: మూయకండి. చెప్పండి, తేదీ మాత్రం వద్దు. ఉద్యోగం మానేస్తానన్నవాణ్ని ఆపండి. ఆస్తి అమ్మి తెస్తే తీసుకోకండి. 1992 అక్టోబరు 28న ఆకాశానికి ఎత్తబడతామని నమ్మి దక్షిణ కొరియాలో జనం అలాగే ఇచ్చారు. ఆ తేదీ చెప్పిన బోధకుడి దగ్గరే మరుసటి ఏడాది చెల్లే బాండ్లు దొరికాయి.

బోధకుడు: డబ్బు సంగతి ఒప్పుకుంటాను. సూచనలు మాత్రం ప్రకటిస్తూనే ఉంటాను.

సంఘ పెద్ద: ప్రకటించండి. మత్తయి 24లో 36వ వచనంతో ఆపకుండా 45 దాకా వెళ్లండి. తగిన వేళకు ఇంటివారికి అన్నం పెట్టే దాసుడు అక్కడున్నాడు.